తల్లిపలక

రోహిణి కార్తె, మొదటి వారం

ఈ పుస్తకంలో పొరల గురించి తప్ప ఇంకేమీ రాయకూడదని నాకు పని నేర్పిన లచ్చుమమ్మ అత్త చెప్పేది. ఏ పొర ఎప్పుడు వేశాం, పట్టిందా లేదా, ఎవరికి కప్పాం. అంతవరకే. ఇన్నేళ్లూ అలాగే రాశాను. ఈ రోజు రాయాల్సింది కూడా పొర గురించే, కానీ చెయ్యి ముందుకు సాగడం లేదు.

పొద్దున తొట్టె మూత తీసేసరికి నిన్న వేసిన చర్మపు పొర, కణాలకి తిండిగా పోసిన జావలో తేలుతోంది. కాచిన పాల మీద మీగడ ఒక పక్కకి ముడుచుకుపోయినట్టు ఉంది. వేలితో తాకితే చిరిగిపోయింది. ఒక ముక్క మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. సగం కణాలు అసలు పట్టనే లేదు. పట్టిన కణం పెనం మీద పోసిన అట్టుపిండిలా పరుచుకుంటుంది. పట్టనిది సగ్గుబియ్యం గింజలా గుండ్రంగా ఉండిపోయి, ఒకటి రెండు పూటల్లో చచ్చిపోతుంది. కణానికి తిండి ఒక్కటే చాలదు. ఆనుకునే చోటు కావాలి.

ఆ చోటు తల్లిపలక ఇస్తుంది. అరచేతిలో ఇమిడే గాజులాంటి బిళ్ల అది. ఇప్పుడు సముద్రం అడుగున ఉన్న పట్నంలో, అది పట్నంగా ఉన్న రోజుల్లో చేశారు. దాని మీద కంటికి ఆనని గుంతలు వరసలు తీరి ఉంటాయి. నాచుబంక కాచి పలక మీద పోసి, ఆరాక ఒలిస్తే ఆ వరసల అచ్చు బంకకి దిగుతుంది. ఆ అచ్చు మీద కణాలు చల్లుతాం. కణం పడగానే ముందు చుట్టూ తడుముకుంటుంది. అచ్చులో ఎడం దానికి నచ్చితే పట్టుకుని పరుచుకుంటుంది. అదే బంకని నున్నటి గాజు మీద పోసి ఒలిస్తే ఒక్క కణం నిలవదు. ఎందుకలా అని లచ్చుమమ్మ అత్తని అడిగితే, దాని ఇష్టం దానిదే అమ్మీ, అనేది.

పలకని వాలుగా పట్టుకుంటే నెమలి మెడ రంగు కనిపిస్తుంది. గుంతలు ఉన్నంత మేరా ఆ రంగు ఉంటుంది. ఈ రోజు కుడి మూల రంగు లేదు. అక్కడ అది మామూలు గాజు.

మృగశిర

కార్తె వచ్చింది కానీ వాన రాలేదు. వానలు కార్తెల మాట వినడం మానేసి చాలా కాలమైంది. మా ఊరు ఉప్పుమెట్టలో తాగే నీళ్లన్నీ అద్దాల తోట నుంచే. కొండవాలు నిండా అద్దాలు. అవన్నీ ఎండని తీసుకెళ్లి స్తంభం మీదున్న కుండ మీద పోస్తాయి. కుండలో సముద్రపు నీళ్లు మరిగి ఆవిరి చల్లారి మంచినీళ్లవుతాయి. గాలిలో ఉప్పు అద్దాలకి పేరుకుంటుంది. రోజూ తుడవకపోతే కుండ మరగదు. తుడిచేవాళ్ల మీదకి ఒక అద్దం పట్టుతప్పి తిరిగిందంటే, ఒంటి మీద కుండకి పడాల్సిన ఎండ పడుతుంది. దాన్ని ఇక్కడ వెలుగు తగలడం అంటారు. వెలుగు తగిలినవాళ్లకి కప్పడానికి కొత్త తోలు పెంచేదే నేను పనిచేసే ఈ తోలిల్లు.

ఈ రోజు పని మొదలైన కాసేపటికే దాలమ్మ వదిన వీధిలోంచి కేకేసింది.

"ఒలే పోలమ్మా, తలుపు తియ్యి! అసిరిగాడికి ఎలుగు తగిలేసింది!"

దాలమ్మ మా అన్నయ్య గవరయ్య భార్య. అద్దాలు తుడిచే జట్టుకి పెద్ద. పట్నం మునగకముందు, పడుచు వయసులో, అక్కడ బస్సు గుద్దేసి ఎడమ తొడ ఎముక విరిగితే లోపల లోహపు ఊచ వేశారు. నడకలో చిన్న ఈడ్పు తప్ప ఆ ఊచ వల్ల ఆమెకి ఏ లోటూ లేదు. అద్దాల నిచ్చెనలు అందరికంటే ముందు ఎక్కేది ఆమే.

జట్టులోని అసిరినాయుడిని బోర్లా పడుకోబెట్టి తెచ్చారు. వీపు మెడ నుంచి నడుం దాకా కాలింది. ఊరికి ఉన్న ఒక్క డాక్టరు కూర్మారావు గారు వచ్చి చూసి, చెవి వెనక నుంచి మినపగింజంత చర్మం కోసి నా చేతిలో పెట్టారు. దాన్ని విడదీసి, కణాలు పెంచి, పొర వెయ్యాలి.

"పోలమ్మా, ఈయనకి పెద్ద పొర కావాలమ్మా," అన్నారు డాక్టరు గారు.

"వేస్తాను బాబూ."

వదిన నా వెనకే లోపలికి వచ్చింది. "ఏటలగున్నావు? మొకం సూస్తే తెలిసిపోతన్నాది."

పలక తీసి చూపించాను. ఇప్పుడు రంగు మూలలో ఒక్కచోటే కాదు, ఒక అంచు పొడవునా పోయింది.

"ఇది అరిగిపోతన్నాది వదినా. ఇన్నేళ్లు బంక పొయ్యడం, ఒలవడం. ఎన్ని పొరలు ఒలిచానో. అరక్కుండా ఎలగ ఉంతాది?"

"ఇంకోటి సెయ్యలేరా?"

"చేసినోళ్లు లేరు. చేసిన యంత్రం నీళ్లలో ఉన్నాది."

వదిన పలకని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ వాల్చి చూసింది. తిరిగి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చింది.

ఆరుద్ర

అసిరినాయుడు పోయాడు. వీపు సగానికే పొర వచ్చింది. కప్పిన సగం బాగానే అతుక్కుంది. కప్పని సగం నుంచి ఒంట్లో నీరంతా కారిపోయింది. డాక్టరు గారు గుడ్డలు మారుస్తూనే ఉన్నారు. ఆఖరి రోజున అసిరి నాతో, "నాది అయిపోనాది గానీ, ఆ సగం తోలు బాగున్నాది పిన్నీ, సల్లగున్నాది," అన్నాడు. పొగడ్తలాగే అన్నాడు.

ఈ కార్తె అంతా పలకకి బదులు వెతకడంతోనే సరిపోయింది. తామరాకు మీద బంక పోసి అచ్చు తీశాను. కణాలు నీటి బొట్లలా దొర్లిపోయాయి. తూనీగ రెక్క మీద అచ్చు తీశాను. దాని మీద సూదుల్లాంటివి ఉంటాయి కాబోలు, కణాలు పట్టినట్టే పట్టి పొట్టలు చిరిగి చచ్చాయి. ఇసక కాగితంతో గాజుని గీశాను. గీతల్లో నాలుగు కణాలు ఇరుక్కున్నాయి, అంతకంటే ఏమీ లేదు. పలక మీద గుంతలది చేతికి అందని సన్నదనం. నా చేతిలో ఉన్న ఏ పనిముట్టూ అంత లోతుకి వెళ్లదు.

జట్టు వాళ్లు అద్దాలెక్కడం ఆపేశారు. ఊరికి నీళ్లు పంచే నీటిపంచాయితీ పెద్దమనిషి తోలింటికి వచ్చాడు.

"మళ్లీ పొరలెప్పుడు వస్తాయమ్మా?"

"తెలీదు బాబూ."

"తెలీదంటే కుదరదు. తోలు లేదని వాళ్లు ఎక్కట్లేదు. వాళ్లు ఎక్కకపోతే కుండ మరగదు. నిన్న ఇంటికి ఒక బిందె ఇచ్చాం. వచ్చే కార్తెకి అరబిందె."

అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే భయం వేసింది.

మర్నాడు వదిన జట్టుని ఒప్పించి తీసుకెళ్లింది. తనే ముందు ఎక్కిందట.

పునర్వసు

మిల్లువారి ముసలమ్మ పోయింది. కాల్చిన మర్నాడు బూడిద ఎత్తడానికి వదిన కూడా వెళ్లింది. అక్కడి నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చి కొంగు ముడి విప్పింది. లోపల మసిబారిన లోహపు ముక్క. ఒక చివర గుండ్రంగా, ఇంకో చివర మేకులా ఉంది.

"ముసల్దాని తుంటిలోంచి వొచ్చినాది. ఆళ్లు పారేస్తంతే తెచ్చినాను. నువ్వు నీ పలకని వాల్చి సూపించినావు కదా. దీన్ని సూడు."

మేకు వైపు మసి తుడిచాను. నిప్పుకి కాగిన లోహానికి కూడా రంగులు వస్తాయి, అవి కదలవు. దీని మీద ఒకచోట రంగు వాల్చితే కదిలింది. నెమలి మెడ రంగే.

వెంటనే బంక కాచి పోశాను. రెండు రోజుల తర్వాత చూస్తే, ఆ రంగున్న గోరంత మేరలో కణాలు పట్టాయి. గోరు అంచు దాటాక అంతా సగ్గుబియ్యమే. మిగతా లోహం మీద అచ్చుని మంట చెడగొట్టింది.

డాక్టరు గారిని పిలిచి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశారు.

"నిజమే. ఆ రోజుల్లో ఒంట్లో వేసే లోహాలకి ఇలా సన్న గుంతలు చెక్కేవారని చదివాను. ఎముక కణాలు గట్టిగా పట్టుకోవడానికి. నున్నటి లోహం అయితే ఎముక దాన్ని తనదనుకోదు, కొన్నాళ్లకి వదులైపోతుంది. వీటిని మాత్రం వదలదు."

వదిన గుమ్మంలో కూర్చుని వింటోంది. "అలగైతే నా కాల్లోది కూడా ఇలాటిదేనేటి డాక్టరు బాబూ?" అంది.

డాక్టరు గారు నా వైపు చూశారు. నేను బంక గిన్నె వైపు చూశాను. వదిన లేచి, "కుండ కాడికెల్లాల," అని వెళ్లిపోయింది.

పుష్యమి

కాల్లోని ఊచ తీయించుకుంటానని వదిన పట్టుబట్టింది. అన్నయ్య వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నువ్వు అడిగినావా, అదే అన్నాదా?"

"నాను అడగలేదన్నియ్యా."

"అడక్కపోతే దానికెలగ తోస్తాది? పలక సూపించినావు. ముసల్దాని ఎముకలు కడిగి సూపించినావు. ఇంకేటి అడగాల? నీ గాజుబిళ్ల కోసం నా పెళ్లాం కాలు కోస్తావా?"

నేను వద్దని చెప్పానని, ఎన్నిసార్లో చెప్పానని అన్నాను. అది నిజమే. కానీ చెబుతున్నప్పుడు కూడా నా మనసు ఆ ఊచ పొడుగెంత ఉంటుందో అంచనా వేస్తూనే ఉంది. ఆ సంగతి అన్నయ్యకి నా మొహంలో కనిపించిందేమో. వెళ్లిపోయాడు. పిలిచినా ఆగలేదు.

సాయంత్రం వదిన వచ్చింది. పలక మీద ఇప్పుడు రంగు మధ్యలో చింతాకంత మిగిలింది.

"డాక్టరు బాబుని అడిగినాను," అంది. "ఎముక ఆ ఊచని అల్లుకుపోయుంతాదట. లాగితే రాదట. ఎముక పగలగొట్టి తియ్యాలంట. తీసినాక అతుక్కుంటే అతుక్కుంతాది, లేపోతే లేదంట."

"వద్దు వదినా."

"నీకు వొద్దా, ఊరికి వొద్దా?"

"నాకు."

వదిన నవ్వింది. "అసిరిగాడిని నిచ్చెన ఎక్కించింది నానే. ఆ రోజు ఆడు బయపడతన్నాడు. తోలుంది లేరా, మా ఆడబిడ్డ ఉన్నాది లేరా అన్నాను. నా మాట మీద ఎక్కినాడు. ఇప్పుడు నూకాలుని ఎక్కించాల, దాని ఎనకాల ఇంకో గుంటని. ఏటని సెప్పి ఎక్కించమంతావు?"

నేను పలకని గుడ్డలో చుట్టాను.

"నాను బాగా బతికినాను అమ్మీ. ఆ ఇనప్ముక్క ఉన్నాది గాబట్టే ఇన్నేళ్లు నడిసినాను. నాకు రావలసింది నాకొచ్చేసింది."

అది ఇనుము కాదని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

ఆశ్లేష

కార్తె మొదటి రోజు పొద్దున డాక్టరు గారు వదిన కాలు కోశారు. వెలుతురు కోసం రెండు చిన్న అద్దాలు కిటికీలో పెట్టి బల్ల మీదకి మళ్లించాం. అన్నయ్య బయట నిలబడ్డాడు. మత్తు సరిపోలేదు. వదిన నా చెయ్యి పట్టుకుంది, తర్వాత విడిచిపెట్టి బల్ల అంచు పట్టుకుంది. నా చేతులు పనికి కావాలని ఆమెకి గుర్తొచ్చి ఉంటుంది.

ఊచ ఎముకతో పాటే వచ్చింది. డాక్టరు గారు చెప్పినదానికంటే గట్టిగా పట్టుకుంది. ఉలితో కొట్టాల్సి వచ్చింది. ఆ చప్పుడు నేను రాయను.

తర్వాత దాన్ని శుభ్రం చెయ్యడం నా వంతు. గీకితే గుంతలు పోతాయి. అందుకని పులిసిన కల్లుతో చేసిన పుల్లనీళ్లలో నానబెట్టాను, ఎముకలోని సున్నం కరగడానికి. ఆ తర్వాత పచ్చి బొప్పాయి పాలలో, మిగిలిన మాంసం లాంటిది కరగడానికి. పూటపూటకీ నీళ్లు మార్చాను. అది వదిన ఒంట్లోది అన్న సంగతి చేతులకి తెలియకుండా పని చెయ్యాలని చూశాను. కుదరలేదు. ఊచ పైభాగంలో ఒక సన్న చీలిక ఉంది, బహుశా మొదటినుంచీ ఉన్నదే. అక్కడ కూడా ఎముక దూరి పట్టుకుని ఉంది.

నాలుగో దఫా నీళ్లు మార్చాక రంగు బయటపడింది. ఊచ పొడవునా కాదు. మధ్యలో, నా చూపుడువేలంత మేర. కానీ ఆ వేలంత మేర మచ్చ లేకుండా నిండుగా ఉంది. వాల్చితే ఆకుపచ్చ నుంచి నీలానికి పాకింది. నేను ఏడుస్తుంటే డాక్టరు గారు వచ్చి ఏమైందని అడిగారు. బాగుంది బాబూ, అన్నాను.

మఖ

కణాలు పట్టాయి. ఇంత బాగా పట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. చల్లిన పూటకే పరుచుకున్నాయి, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు కలిసిపోయాయి. గుండ్రంగా మిగిలిన గింజ ఒక్కటీ లేదు. ఊచని కొంచెం కొంచెం దొర్లిస్తూ అచ్చు పక్కన అచ్చు వేసి, గుడ్డ పేలికంత పొర చేశాను.

కానీ పొర లేవడం లేదు.

తల్లిపలక అచ్చు మీద పెరిగిన పొరని చల్లని నీళ్లలో పెట్టి తొట్టెని మెల్లగా కదిపితే, దానంతట అదే లేచి వస్తుంది. దాని గుంతలు అలా చెక్కారు, పట్టుకోవడానికీ వదలడానికీ మధ్య. ఇది ఎముక కోసం చెక్కినది. వదలడం దీనికి తెలియదు. చల్లనీళ్లు పెట్టాను, తడిగుడ్డ చుట్టి ఇంకా చల్లార్చిన నీళ్లు పెట్టాను. అంచు పట్టి లాగితే కణాలు చిరిగాయి తప్ప బంకని విడవలేదు. బొప్పాయి పాలు ఒక చుక్క వేస్తే విడిపోయాయి, కానీ పొరగా కాదు, పొడిపొడిగా.

మూడు పొరలు ఇలాగే పోయాయి. తల్లిపలక మీద రంగు ఇప్పుడు బొట్టుబిళ్లంత కూడా లేదు.

వదినని చూడటానికి వెళ్లాను. అన్నయ్య నన్ను చూసి పెరట్లోకి వెళ్లిపోయాడు. వదిన మంచం మీద పడుకుని ఉంది. కాలికి రెండు వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. ఎముక అతకడం లేదు. డాక్టరు గారు లోపల నున్నటి ఊచ ఒకటి వేశారు. కానీ ఎముక దాన్ని పట్టించుకోవడం లేదు.

"ఎలగున్నాది తోలు?" అంది నన్ను చూడగానే.

అబద్ధం చెబుదామనుకున్నాను. "పడుతున్నాది వదినా. లేవడం లేదు."

"పట్టినాది కదా," అంది. "లేవకపోతే బంకతో పాటే ఎయ్యి."

"నాచుబంక ఒంట్లో కరగదు. కింద చీము పడతాది."

"అలగైతే కరిగే బంక సూడు. నాకేటి తెలుసు? నీ పని అది."

కోపంగానే అంది. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు ఆమె ఇప్పుడు అలాగే మాట్లాడుతోంది.

ఉత్తర

పట్టు. అడవి మద్దిచెట్ల మీద పురుగులు కట్టే గూళ్లు. వాటిని ఉప్పుమళ్లలో మిగిలే చేదునీళ్లలో మరిగిస్తే బంకలా కరుగుతాయి. ఆరబెడితే పల్చటి పొర అవుతుంది. డాక్టరు గారు గాయాలు కుట్టే దారం కూడా పట్టుదే, ఒంట్లో మెల్లగా అరిగిపోతుంది. పుబ్బ కార్తె అంతా ఈ బంక పాళం కుదర్చడానికే పోయింది. రాయడానికి తీరిక లేదు.

నూకాలుకి వెలుగు తగిలింది. జట్టులో ఆఖరుగా చేరిన పిల్ల. ఛాతీ, ఒక భుజం. తల్లిపలక అప్పటికి ఉత్త గాజు. పట్టు మీద వదిన ఊచ అచ్చు వేసి, పొర పెంచి, పొరని విడదీయకుండా పట్టుతో సహా కప్పాం. చిన్న చిన్న పేలికలు, ఇంటి పైకప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి.

నూకాలు బతికింది.

పట్టు అరిగింది, చర్మం నిలిచింది. గట్టిగా ఉంది, సాగదు, గీతలు గీతలుగా ఉంది. భుజం పైకి ఎత్తలేదు. కానీ బతికి కూర్చుని గంజి తాగింది. వాళ్ల అమ్మ నా కాళ్లకి దణ్ణం పెట్టబోతే, ఆ దణ్ణం మా వదినకి పెట్టమన్నాను. వెళ్లి పెట్టిందట. వదిన ఆ రోజు కొంచెం అన్నం తిన్నదని డాక్టరు గారు చెప్పారు.

వదిన ఇంక నడవదు. అది కూడా డాక్టరు గారే చెప్పారు.

హస్త

దండోరా వేశారు. ఒంట్లో పాతకాలపు లోహం ఉన్నవాళ్లు నీటిపంచాయితీలో పేరు చెప్పాలి. తుంటి, మోకాలు, తొడ, ఏదైనా. లోహం ఇచ్చిన ఇంటికి రోజూ రెండో బిందె.

నేను పంచాయితీకి పరుగెత్తాను.

"ఇదేటి బాబూ?"

"నువ్వే కదమ్మా చెప్పావు, ఒక్క ఊచ చాలదని. అదీ అరుగుతుందని." పెద్దమనిషి నన్ను కూర్చోమన్నాడు. "ఎవరినీ బలవంతం చెయ్యట్లేదు. ఇష్టమైనవాళ్లే ఇస్తారు."

"రెండో బిందె పెడితే ఇష్టం ఎవరిదవుతాది? ఒంట్లో లోహం ఉన్నవాడిదా, ఇంట్లోవాళ్లదా?"

మా అన్నయ్య ఇంటికి కూడా రెండో బిందె రాసి ఉందని, అన్నయ్య ఒక్క రోజు కూడా వచ్చి పట్టుకెళ్లలేదని ఆయన అన్నాడు. అదేదో మా ఇంటివాళ్ల మొండితనంలా.

మర్నాడు పొద్దున తోలింటి ముందు బండి ఆగింది. బండి మీద జగ్గారావు మాస్టారు. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. మోకాల్లో లోహం ఉంది. కొడుకులిద్దరూ చెరో పక్కా నిలబడ్డారు. మాస్టారు ఉతికిన పంచె కట్టుకుని, తల దువ్వుకుని ఉన్నారు.

"పోలమ్మా, నొప్పి ఎక్కువగా ఉంటుందా అమ్మా?" అని అడిగారు. పిల్లవాడు అడిగినట్టు అడిగారు.

"మీరు రావాలనుకున్నారా మాస్టారూ?"

ఆయన కొడుకుల వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి, నవ్వారు. "మనవలు ఉన్నారమ్మా. దాహమంటారు."

డాక్టరు గారు లోపలి నుంచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆయన మొహం బూడిద రంగులో ఉంది. "నేను కొయ్యను," అన్నారు మెల్లగా. కానీ నేను అడిగితే కోస్తారని నాకు తెలుసు. నూకాలు లాంటి పిల్ల ఇంకొకర్తె బల్ల మీదకి వస్తే కాదనలేరు.

"బతికున్న మనిషిలోంచి తీసిన లోహం మీద నాను అచ్చు వెయ్యను," అన్నాను. "ఎవరు తెచ్చినా వెయ్యను. తీసుకెళ్లిపొండి."

పెద్ద కొడుకు మీదకొచ్చాడు. "మీ వదినది ఏసినావు కదా? మా అయ్యది పనికిరాదా?"

అది నిజం. వేశాను.

బండి వెళ్లలేదు. గుమ్మం ముందే ఎండలో నిలిచింది. చివరికి మాస్టారే, దాహంగా ఉంది, ఇంటికి పోదాం అన్నారు.

చిత్త

నిన్న రాత్రంతా నిద్ర లేదు. నేను కాదంటే ఈ ఊచ అరిగిన రోజున మళ్లీ ఎవరో సగం తోలుతో చచ్చిపోతారు. ఆ సగానికి నేనే కారణం. అవునంటే బండి వెనక బండి. మొదట ముసలివాళ్లు, తర్వాత ముసలితనం రాకుండానే కుంటుతున్నవాళ్లు. ఎటు చూసినా నా చేతులే కనిపిస్తున్నాయి.

వదినకి సంగతి తెలిసింది. నూకాలు చెప్పిందట.

ఈ రోజు పొద్దున తోలింటి తలుపు తీస్తుంటే వీధి మొదట్లో అన్నయ్య కనిపించాడు. వీపు మీద వదిన. ఆమె రెండు చేతులూ ఆయన మెడ చుట్టూ ఉన్నాయి, బద్దలు కట్టిన కాలు పక్కకి చాచి ఉంది. ఇంత సన్నగా అయిపోయిందని పడుకుని ఉన్నప్పుడు తెలియలేదు. అన్నయ్య ఆగి ఆగి నడిచి, నా గుమ్మం మెట్టు మీద చాప వేసి, ఆమెని దించి, గోడకి ఆనించాడు. నా వైపు చూడలేదు.

వదిన కొంగుతో చెమట తుడుచుకుంది.

"నాను ఇచ్చినాను," అంది. "ఎవులూ అడగలేదు, నాకు నానే ఇచ్చినాను. ఆ మాస్టారు కాడ లాక్కుంతన్నారు. రెండూ ఒకటి గాదు. ఆ మాట నువ్వు సెప్తే ఎవులూ ఇనరు. నాను సెప్తాను. నా కాలు సూసి సెప్పమను, ఎవులు కాదంతారో."

"ఊచ అరిగిపోతాది వదినా. ఆ తర్వాత?"

"అరిగినప్పుడు సూద్దాం. సచ్చినోళ్లవి ఉంతాయి కదేటి. కాల్చకముందే అడిగి తీసుకో. ఇచ్చినంత ఇస్తారు." కాసేపు ఊపిరి తీసుకుంది. "సాలదు. నాకూ తెలుసు సాలదని."

మధ్యాహ్నం కాకముందే బండి వచ్చింది. మాస్టారిది కాదు. దుప్పటి కప్పుకుని ఒక ఆడమనిషి, మొహం కనబడటం లేదు. బండి తోలేవాడు దిగి మెట్ల దాకా వచ్చి, వదినని చూసి ఆగిపోయాడు. వదిన చీర కొంచెం పైకి జరిపి, బద్దలు కట్టిన కాలు అతనికి కనబడేలా పెట్టుకుంది.

"రా నాయినా, కూకో. ఎవుల్ని తెచ్చినావు? మీ అమ్మేటి? దుప్పటి తీసి నీడకి రమ్మను. మాటాడతాను."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అన్నయ్య తల తిప్పి నన్ను చూశాడు. పుష్యమి తర్వాత నాతో మాట్లాడటం ఇదే మొదటిసారి.

"లోపలికెల్లి నీ పని సూసుకో. ఇక్కడ మేం ఉంతాం."

లోపలికి వచ్చి పట్టుబంక పొయ్యి మీద పెట్టాను. బయట దుప్పటి మనిషి ఏడుస్తోంది. వదిన ఆమెతో ఏదో మెల్లగా చెబుతోంది, మాటలు వినబడటం లేదు. అంతలో వీధిలో ఇంకో బండి ఆగిన చప్పుడైంది. వదిన గొంతు సవరించుకుంది.